మగ్గం వైపు తిరిగిన బుగ్గ

యాభైల మొదట్లో ఎమ్మిగనూరులో మా మగ్గం చప్పుడు రెండామడల అవతల ఆదోని స్టేషన్లో రైలు కూతను మింగేసేది. నేను నేసేవి తుండుగుడ్డలే, చప్పుడు మాత్రం పట్టుచీరలది. మా పసిబిడ్డకు ఆ చప్పుడే జోలపాట. ఎప్పుడూ దానివైపే తిరిగి పడుకునేది. ఊయలకు మగ్గం కుడిపక్కనే కొక్కెం ఉండడంతో రోజూ ఒకే బుగ్గ గుడ్డకు అదిమి నిద్రపోయేది.

ఆదోని నుంచి మా అక్క వచ్చి చూసింది. బావది పత్తిమిల్లులో పని. మిల్లు సైరను అక్క గొంతు దగ్గరే శిష్యరికం చేసిందని నా అనుమానం.

"ఒకే పక్క పండబెడితే దవడ వంకర పోదా మరదలా? ఒక పన్ను ఆదోనికి, ఒక పన్ను కోసిగికి సూస్తాంటాయి. ఈ పాప పెద్దయి పోగు కొరికినట్టే!"

నేత ఇంట్లో ఇది శాపమే. తెగిన దారం ముడేసి కొస పంటితో తుంచాలి. కత్తెర వెతికేవాణ్ణి చూసి వీధంతా నవ్వేది. మా ఆవిడకు రోషం వచ్చింది.

"కొరుకుతాది వదినా. కొరికితే ఏం జేస్తావు?"

"నీ కాళ్లకాడ కూసోని రాట్నం తిప్పి నూలు కండెలు సుడతా! కొరకలేదనుకో, నీ రెండో బిడ్డను ఆదోనికి తీస్కపోయి నేనే సాకుతా."

మిల్లువారి ఇల్లాలయ్యాక అక్క రాట్నం ముట్టలేదు. మా ఆవిడకేమో పుట్టని బిడ్డ అప్పుడే చేజారినంత పనైంది. మర్నాడే మగ్గానికి ఎడమపక్క దూలానికీ నాచేత కొక్కెం కొట్టించింది. ఊయల ఒకరోజు ఈ పక్క, మరునాడు ఆ పక్క. బిడ్డ చప్పుడు వైపే తిరిగేది గనక బుగ్గ తనంతట తానే మారేది. అలా ఊయల మోసిన నడకంతా కలిపితే మా ఆవిడ కొన్నేళ్లపాటు ఉరుకుంద తిరునాళ్లకు నడిచి పోయి రావచ్చు.

పాలపళ్లన్నీ వచ్చాక అక్క మళ్లీ బస్సు దిగింది. వీధంతా, అంటే జిల్లాలో సగం, మా వాకిట్లో చేరింది. అక్కే రెండు చేతులా పోగు బిగించి పట్టుకుంది. పాప ముందుపళ్లతో కొరికితే టప్పున తెగింది. ఎడమ దవడతో తెగింది, కుడి దవడతోనూ తెగింది.

"దారం నాసిరకంది," అంది అక్క.

"మీ ఆదోని పత్తేనక్కా!"

"ఉండ్రా, దవడ తడిమి సూస్తా," అని పాప నోట్లో వేలు పెట్టింది.

"యమ్మా! సచ్చినా! ఇడిపించండ్రా!"

వేలి మీద పైన కింద పంటిగాట్లు, మగ్గం మీద పడుగుపోగుల్లా తిన్నగా, సమంగా! మా ఆవిడ ఆ వేలిని పట్టుకుని వాకిట్లో ఒక్కొక్కరికీ చూపించింది.

"ఇంగ సాలునా వదినా?"

"సాలు తల్లీ. రాట్నం యాడుంది?"

కట్టు కట్టిన వేలితో కండెలు చుడుతూ అక్క గొంతు తగ్గించింది. "మా కోడలు నీళ్లాడేది ఈ నెల్లోనే. రెండు పక్కలా కొక్కేలు కొట్టిస్తా సరే, మా ఇంట్లో మగ్గం లేదే! బిడ్డ యా పక్కకని తిరుగుతాది?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మగ్గమెందుకు వదినా? ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క కూసోని నువ్వు మాట్లాడు!"