క్యాన్ నీళ్ళలో నత్తలు

లోచ్ చేపలు ఇంటికి వచ్చిన రోజే మా ఆవిడ చేత మాట పడ్డాను. అద్దాల తొట్టెలో వదిలిన కాసేపటికి వాటిలో ఒకటి రాయి పక్కన ఒరిగి పడుకుంది. కదలదు.

"ఏటండీ, పలాస దాకా ఎళ్ళి శవాన్ని తెచ్చినారేటి?" అంది.

వల పెట్టి తాకగానే అది లేచి, మీసాలతో ఇసుక తడుముకుంటూ వెళ్ళిపోయింది. ఆ జాతి అలాగే ఒరిగి నిద్రపోతుందట. అమ్మినవాడు చెప్పలేదు. తర్వాత ఫోనులో చదివి తెలుసుకున్నాను.

నౌపడలో ఉద్యోగం విరమించి ఉద్దానంలోని మా ఊరు చేరాక, ఏ పనైనా డైరీలో రాసుకుని వరసగా చేయడం నాకు మిగిలిన అలవాటు. తొట్టెనూ అలాగే అమర్చాను. చిన్న గప్పీ చేపలు పైన తిరుగుతాయి, లోచ్‌లు అడుగున పడ్డ మేత ఏరుకుంటాయి, నత్తలు అద్దం మీది నాచు తింటాయి. ఎవరి పని వారిది. నత్తలు మాత్రం మా ఆవిడవి. పొలం కాలువలో ఏరి, కడిగి, తనే తెచ్చి వదిలింది. తన రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని, కిడ్నీలు జాగ్రత్తని టెక్కలి డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఆ నత్తలు అద్దం మీద పాకుతుంటే చూస్తూ కాస్త కుదురుగా కూర్చునేది.

ఆ నత్తలే చనిపోవడం మొదలుపెట్టాయి. ముందు గుల్లల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. తర్వాత గుల్లలే సున్నం పెచ్చుల్లా రాలాయి.

"మీ మీసాల చేపలే. నా నత్తల్ని తినేత్తన్నాయి," అంది.

లోచ్‌లు నత్తల్ని తింటాయని నేనూ చదివాను. కాని తింటే మాంసం పోవాలి, గుల్ల మిగలాలి. ఇక్కడ గుల్లే కరిగిపోతోంది. అయినా ఆమె మాట తీసేయలేక లోచ్‌లను బకెట్లోకి మార్చాను. నత్తలు చావడం ఆగలేదు.

ఒక మధ్యాహ్నం జీడితోట నుంచి మా బావమరిది వచ్చాడు. బకెట్లోకి తొంగి చూసి, "బావా, ఇవి కూరకి పనికిరావు, కాపలాకి పనికిరావు. జైల్లో మాత్రం ఎట్టినావు. నేరమేటో?" అన్నాడు.

"తేలనేదు," అన్నాను.

"మా అప్ప తేల్చీసింది కదా. ఇంకేటి?"

మా ఆవిడ నవ్వలేదు. మిగిలిన నత్తల్ని ఏరి, పెరట్లో బట్టలుతికే సిమెంటు కుండీలో వేసింది. అందులో ఉండేది బోరు నీరు. ఇక ఆ నత్తల పని అయిపోయిందనుకున్నాను.

ఇక్కడ మా ఇళ్ళ సంగతి చెప్పాలి. మేము తాగడానికీ వండడానికీ బోరు నీళ్ళు వాడం. ప్లాంటులో శుద్ధి చేసి అమ్మే క్యాన్ నీళ్ళే. మా వీధిలో కిడ్నీల కోసం ఆస్పత్రికి తిరగని ఇల్లు వెతకాలి. నీళ్ళ వల్లేనని నాకు రూఢిగా చెప్పినవారు లేరు, కాదని చెప్పినవారూ లేరు. భయం మాత్రం ఉంది. అందుకే తొట్టె నింపిన రోజున కూడా నేను క్యాన్ నీళ్ళే పోశాను. మనుషులకు పడని నీళ్ళు చేపలకెలా పోస్తాను?

కుండీలో నత్తలు చావలేదు. కొన్నాళ్ళకు గుల్లల అంచున కొత్త పొర గట్టిగా కట్టింది. లోచ్‌లు లేని తొట్టెలో కూడా చస్తూ వచ్చిన నత్తలు, బట్టల కుండీలో బతికాయి. మారింది నీళ్ళొక్కటే. మళ్ళీ ఫోను తెరిచాను. క్యాన్ నీళ్ళలో ఉప్పులూ సున్నమూ దాదాపు ఉండవట. గుల్ల కట్టుకోవడానికి నత్తకు అవే కావాలట.

అర్థమైంది. చెయ్యే ఒప్పుకోలేదు. బోరు నీళ్ళ చెంబు రెండుసార్లు తొట్టె దాకా తెచ్చి వెనక్కి తీసుకుపోయాను. చివరికి రోజుకు కొంచెం చొప్పున పోశాను. నత్తల్నీ లోచ్‌లనూ తిరిగి వదిలాను. అన్నీ బాగున్నాయి. నత్తలు పిల్లల్ని కూడా పెట్టాయి.

అప్పుడు నా కళ్ళ ముందే ఒక లోచ్ చిన్న నత్తపిల్ల గుల్లలో మూతి పెట్టి లాగి మింగేసింది.

"నాను సెప్పినానా?" అంది మా ఆవిడ.

"పెద్దవాటిని ఏటీ సెయ్యనేదు కదే."

"పిల్లల్ని తినీసినా తిన్నట్టే," అంది. కాని తీసెయ్యమనలేదు. చేతిలో క్యాన్ నీళ్ళ గ్లాసు తిప్పుతూ అడిగింది: "నత్తకి పడని నీళ్ళు మనకెలా పడతాయండీ?"

"నత్తకి గుల్ల కట్టాల. మనకి గుల్ల నేదు."

"ఎముకలున్నాయి కదేటి."

ఆ నీళ్ళు మంచివా, ఈ నీళ్ళు మంచివా, లోచ్ దోషా, కాదా? ఒక్కటీ తేల్చలేకపోయాను. టెక్కలి వెళ్ళినప్పుడు డాక్టరును అడుగుదామన్నాను.

ఆమె గ్లాసు ఖాళీ చేసి, "అడగండి. నత్తల మాట మటుకు ఎత్తకండి, నవ్వుతాడు," అంది.