మూడో ర్యాంపు

మా ఇంటికి సవతి కారు డిక్కీలోంచి దిగింది. నాగోల్‌లో ఎవరో అమ్ముతున్నారని తెలిసి మా ఆయన వెళ్లి తెచ్చుకున్న రికంబెంట్ ట్రైక్ అది. చూడనివాళ్లకు చెబుతాను: మూడు చక్రాల సైకిల్, ముందు రెండు, వెనక ఒకటి. పడక్కుర్చీలో వాలినట్టు వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. నడుములో డిస్కు జారాక మామూలు సైకిల్ ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి మొహం మాడ్చుకుని తిరిగిన మనిషి, ఆ రోజు సెల్లార్‌లో దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"ఏంది వదినా, అన్న కొత్తగ పెండ్లి జేసుకున్నట్టుండు" అని పక్క ఫ్లాటావిడ నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మండింది.

ముందు మా నాచారం సందుల్లో తొక్కి చూశాడు. అంత కిందికి కూర్చునేసరికి వీధి కుక్కలకు ఆయన మొహం ఎదురుగా దొరికింది. ఇక ఉప్పల్ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఫ్లైఓవరు తవ్వకాల మధ్య బస్సు డ్రైవరుకు నిలబడ్డ మనిషే కనపడడు, పడుకున్న మనిషేం కనపడతాడు? అందుకని ఆదివారం పొద్దున్నే దాన్ని కారులో ఎక్కించుకుని, ఘట్‌కేసర్ దగ్గర ఖాళీగా ఉండే సర్వీస్ రోడ్డుకు తీసుకెళ్లి తొక్కాలని తేల్చాడు. బరువులెత్తొద్దని కూడా డాక్టరు చెప్పాడు కదా, మరి కారులోకి ఎక్కేదెట్లా అన్నాను. ర్యాంపులు తనే చేస్తానన్నాడు.

అసలు మంట అక్కడ మొదలైంది. వంటింట్లో ఒక షెల్ఫు కొట్టమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నానో నాకే గుర్తులేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాపు సూపర్‌వైజరు, చేతిలో పనితనముంది. అయినా నేను చెబితే దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ షెల్ఫు కోసం తెచ్చి పెట్టిన ప్లైవుడ్డునే ఇప్పుడు కోసి ర్యాంపులు చేశాడు. అంచులు అరచేత్తో తడిమి తడిమి ఉప్పు కాగితం పట్టాడు. చక్రాలు జారకుండా పాత టైరు ముక్కలు అతికించాడు. బంపరుకు గీతలు పడకుండా నా దుప్పటి చింపి కొసలకు చుట్టాడు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అని ఊరికే అనలేదు పెద్దలు.

అయితే ఆ పనితనంలో ఒక లోటుంది, అదే నా అదృష్టం. ర్యాంపులు రెండే చేశాడు. ముందు చక్రాలు రెండూ వాటి మీదుగా పైకెక్కేవి, వెనక చక్రం మధ్యలో నేల మీదే ఉండిపోయేది. దాన్ని ఎవరో ఒకరు పట్టి ఎత్తాలి. అట్లా ఆదివారాలు నాకూ దక్కాయి.

కారులో వెనక సీట్లు మడిచి, నా సీటు ముందుకు జరిపితే గానీ అది పట్టేది కాదు. నా మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనేవి, దాని పెడలొకటి నా భుజానికి తగిలేది. దారి పొడుగునా పొడుస్తూనే ఉండేది, కావాలనే పొడుస్తోందనుకునేదాన్ని. అయినా ఆయన పక్కన కూర్చుంది నేను. సర్వీస్ రోడ్డు మీద దింపాక ఆయన కనుచూపు దాటి వెళ్లేవాడు. నేను కారు తలుపు తెరిచి పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చునేదాన్ని. చెమటతో, నవ్వుతో తిరిగొచ్చేవాడు. వచ్చేటప్పుడు అన్నోజిగూడలో బండి దగ్గర ఆగి ఇడ్లీ తినేవాళ్లం. ఆయన నడుము పోయినప్పటి నుంచి మేమిద్దరం కలిసి వెళ్లిన చోటల్లా దవాఖానాయే. ఆ ఆదివారం పొద్దు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఒకరోజు వర్క్‌షాపు నుంచి మూడో ర్యాంపు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇగ నీకు తిప్పల లేదు" అన్నాడు. "నేనొక్కన్నే ఎక్కిస్త, నేనొక్కన్నే దించుకుంట."

"నాకు తిప్పలని నేను చెప్పానా?"

"పొద్దుగాల పొద్దుగాల నువ్వెందుకు? హాయిగ పండుకో."

మర్నాడు ఆదివారం నా సీటు పూర్తిగా ముందుకు మడిచేశాడు. ఎందుకంటే దానికి ఇరుకవుతోందట! నాకు ఇరుకైనన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. బాల్కనీలోంచి చూస్తుంటే కారు గేటు దాటింది. వెనక అద్దంలోంచి దాని చక్రం కనిపించింది. పళ్లు నూరాను. నేను నింపిన టీ ఫ్లాస్కు తను పట్టుకుపోయాడు, అది మరీ కడుపుమంట.

ఒక పూట అడిగేశాను, నన్నెందుకు వదిలేసి పోతున్నారని.

"మంచం దిగాల్నంటే నువ్వే, సాక్సులెయ్యాల్నంటే నువ్వే. ఒక్క పనన్న నా అంతట నేను జేసుకోవద్దా?"

ఆ మాట గుచ్చుకుంది. న్యాయమే అనిపించింది కూడా. కానీ న్యాయం తెలిసినంత మాత్రాన ఈర్ష్య చల్లారదు. ఆయన్ని లేపే చేతులు నావి, ఊరేగేది మాత్రం దానితోనా అనుకున్నాను.

దసరా వచ్చింది. బండ్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మాకు ఆనవాయితీ. కారుకు బొట్టు పెట్టాడు. ట్రైక్‌కు బొట్టే కాదు, బంతిపూల దండ కూడా. నా స్కూటీ పక్కనే దుమ్ముతో నిలబడి ఉంది. అంతటితో ఆగాడా? ర్యాంపులూ పనిముట్లే కదా అని పసుపు తడిపి, నేను శుక్రవారం గడపకు పూసినట్టు మూడింటికీ కింది నుంచి పైదాకా దట్టంగా పూశాడు.

"జారుతుందేమో" అన్నాను.

"పండుగ పూట అట్లనకు."

ర్యాంపులు కారు డిక్కీకి ఆనించి, మొదట్లో నిమ్మకాయలు పెట్టి, వెనక నుంచి ట్రైక్‌ను తోశాడు. కాయలు చిట్లాయి. రసంలో తడిసిన చక్రాలు పసుపు మీదికెక్కాయి. సగం దూరం పోయాక బండి ఆగింది, ఆగి, నింపాదిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆయన కాలు అడ్డం పెట్టబోయాడు, చెప్పు కూడా జారింది. దబ్బున కూలబడ్డాడు. ట్రైక్ కిందికి దిగి ఆయన పక్కనే నిలబడింది, దండ చెదరలేదు.

పరిగెత్తాను. "నడుమా? నడుము పట్టిందా?" అంటూ చెయ్యి చాపాను.

"ఏం కాలే. నువ్వు వట్టకు" అన్నాడు. నా చేతిని చూసి, పక్కకు తిరిగి ట్రైక్ సీటు మీద చెయ్యి వేశాడు. అది ముందుకు కదిలింది. "జర దాని బ్రేక్ వట్టు" అన్నాడు.

వంగి బ్రేకు పట్టుకున్నాను. ఆయన రెండు చేతులూ దాని మీద ఆనించి, ఒక మోకాలు మీదికొచ్చి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా పైకి లేచాడు. నేను లేపినప్పుడు పెట్టే మూలుగు కూడా పెట్టలేదు. ఆయన లేవగలిగినందుకు సంతోషమేసింది. దాన్ని పట్టుకుని లేచినందుకు ఏడుపొచ్చింది. బ్రేకు మాత్రం ఆయన తన కాళ్ల మీద సరిగ్గా నిలబడేదాకా వదల్లేదు.