కారియే ఊరి ఆడవాళ్ళు

కట్టడాల పేర్లు ఎలా పుట్టాయో చెప్పడం నాకు భలే సరదా. కాలేజీలో నా పాఠమే అది. ఆ సరదా మొన్న పొదిలి నుంచి దర్శి వెళ్ళే బస్సులో తీరిపోయింది.

నా పక్కన కూర్చున్నావిడ మిరపకోత నుంచి వస్తోంది. ఆ ఘాటుకి నాకు ఒకటే తుమ్ములు. నా ఒళ్ళో తెరిచి ఉన్న పుస్తకంలో ఫొటో చూసి, "ఎవరమ్మా ఈ ఆడోళ్ళు, స్తంభాల్లా నిలబడ్డారు? నెత్తిన చుట్టకుదుళ్ళు కూడా ఉన్నాయే!" అంది.

ఇన్నేళ్ళు పాఠం చెప్పినా, అవి చుట్టకుదుళ్ళలా ఉన్నాయని నాకు తట్టలేదు.

"గ్రీసు దేశపు గుడండీ. ఈ స్తంభాల్ని కారియాటిడ్లు అంటారు. కారియే ఊరి ఆడవాళ్ళని అర్థం. ఆ ఊరు యుద్ధంలో ఓడినవాళ్ళ పక్షం చేరిందట. గెలిచినవాళ్ళు మగవాళ్ళని చంపి, ఆడవాళ్ళని బానిసలుగా పట్టుకుపోయారట. అది ఎప్పటికీ గుర్తుండాలని రాతిలో కూడా ఇలా బరువు మోయించారట."

ఆవిడ ఆ ఫొటో మీదికి వంగింది.

"మొన్న ఎలక్షన్లలో మా ఆయన ఓడిన పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడమ్మా. గెలిచినోళ్ళు కొట్టి తరిమేశారు. ఆయన ఎటు పోయాడో తెలీదు. మా చేను బీడు పడింది. నేనిట్టా ఊరుగాని ఊళ్ళో కాయలు కోస్తున్నా."

నేను మళ్ళీ పాఠంలో దూరాను. "ఇదంతా కట్టుకథేలెండి. పండితులు చాలామంది నమ్మరు."

ఆవిడ దిగే ఊరొచ్చింది. మూట ఎత్తుకోవడానికి తువ్వాలు చుట్టకుదురుగా చుట్టుకుంటూ లేచింది.

"ఆ పండితుల ఊళ్ళో ఎలక్షన్లు జరగవా అమ్మా?"