శనివారం నాటి ఊపిరి

అమ్మ సంవత్సరీకం అయిన వారానికి, అమ్మావాళ్ళ ఊపిరి మీద రాసిన ఆ పరిశోధన వ్యాసానికి నెట్‌లో తాళం తీశారు. ఇకమీదట ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చట. మహా ఉపకారం చేశారు!

అమ్మ రాజపాళయంలో నూలుమిల్లులో, దూది ఏకే సెక్షన్‌లో పనిచేసింది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం ఆమెకు ఛాతీ పట్టేసేది. వారం గడిచేకొద్దీ సర్దుకునేది. అక్కడి ఆడవాళ్ళలో చాలామందికి అంతే. కరుపట్టి, అదే తాటిబెల్లం, ముక్క బుగ్గన పెట్టుకుని పనిలోకి దిగేవారు. గొంతులోని దుమ్మును అది కిందికి దించేస్తుందని నమ్మకం.

ఒకసారి బయటినుంచి పరిశోధకులు వచ్చి అందరిచేతా గొట్టంలో ఊదించి ఊపిరి బలం కొలిచారు. అమ్మ వంతు సోమవారం పడింది. సరిగ్గా ఊదకపోతే పనిలోంచి తీసేస్తారని హడలిపోయి, తోటి ఆవిడను బతిమాలి శనివారానికి మార్చుకుంది.

"గట్టిగా ఊదినానే! డాక్టరమ్మే బాగుందనింది" అని ఇంటికొచ్చి ఎంత మురిసిపోయిందో.

తర్వాత దగ్గు ముదిరింది. పని మాత్రం మానలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి నా ప్రాణం తీసేది.

"ఏమే, మా ఊపిరి పట్టుకపోయినారే, ఏమి రాసినారు? చూసి చెప్పు."

ఫోన్‌లో వెతికితే వ్యాసం పేరు వచ్చేది. లోపలికి పోదామంటే డబ్బు కట్టమనేది. కట్టేస్తానన్నాను. అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"మా ఊపిరికి మేమా దుడ్డిచ్చేది? ఇది ఏ నియాయమే? వద్దు, పో!"

మళ్ళీ రెండ్రోజులకే అడిగేది. మంచం పట్టాక కూడా అడిగింది.

మొన్న తళవాయిపురం బస్సు కోసం నిలబడి ఫోన్‌లో చదివాను. సోమవారం ఛాతీ పట్టేయడమే ఆ జబ్బుకు మొదటి గుర్తట. అప్పుడే దుమ్ములోంచి తప్పిస్తే మనిషి కోలుకోవచ్చట. సోమవారం ఊదలేకపోయిన వాళ్ళను తీసేయమని ఎక్కడా లేదు. దుమ్ము లేని పనికి మార్చమని రాశారు. శనివారం బాగా ఊదినవాళ్ళను మాత్రం వేరే వరుసలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కింద వేశారు.

బస్సు వచ్చింది, పోయింది. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

అమ్మా, నువ్వు అడిగినావే, అది దొరికింది. నీకు ఏ జబ్బూ లేదని రాసినారమ్మా.