బెరిల్ తూచని చేపలు

బెరిల్ హాలమ్‌ను మా చేపల క్లబ్బులో ఇరవై రెండేళ్లు చూశాను. ఒక్కసారి కూడా ఆమె గాలం వేయగా చూడలేదు. పోటీ ముగిసి ఈల మోగగానే రబ్బరు బూట్లతో, భుజాన కొక్కెం త్రాసుతో ట్రెంట్ నది గట్టు వెంట ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి, నీళ్లలో వేలాడదీసిన వలసంచిలో ఉన్న చేపలు తూచి రాసుకునేది. తూచాక వాటిని ప్రాణాలతో మళ్లీ నదిలోకే వదిలేస్తాం. ఎవరైనా పొడి చేత్తో చేపను పట్టుకున్నారా, ఇక అయిపోయినట్టే.

"చెయ్యి తడుపుకోవోయ్! ఒంటి మీద జిగురు ఊడిపోతే అది బతుకుతుందా?" అని అందరి ముందూ కడిగేసేది.

ఆమె తండ్రికి ఎర పురుగుల షెడ్డు ఉండేది. కుళ్లిన మాంసం మీద ఈగల్ని వాలనిచ్చి, పురుగులు పెంచి మాలాంటివాళ్లకు అమ్మేవాడు. బెరిల్ పన్నెండో ఏట నుంచీ ఆ మాంసం ఎత్తిపోసింది. బళ్లో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. ఆ మాట ఆమే నవ్వుతూ చెప్పేది.

ఆమె మాతో ఉన్న చివరి ఏడు అక్టోబరులో, అందరికంటే ఎక్కువ బరువు పట్టినవాళ్లకిచ్చే షీల్డు కోసం పోటీ జరిగింది. రాలిన ఆకులు నది నిండా కొట్టుకొస్తున్నాయి. బెండు మునిగిందని ఆశగా లాగితే గాలానికి ఆకే తగులుకుని వచ్చేది. పొద్దుటి నుంచి కూర్చుని నేను నాలుగు చిన్న రోచ్ చేపలు పట్టాను. మిగతావాళ్ల గతీ అంతే. చిట్టచివర విల్లో చెట్టు కింది చోటు మాత్రం కార్యదర్శి క్లైవ్ మాట్రమ్‌కు వచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీట్లు తీసేది ఆయనే. ఈల మోగాక ఆయన సంచి ఎత్తడానికి నేను కూడా ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది. నిండా పళ్లేలంత బ్రీమ్ చేపలు.

బెరిల్ చెయ్యి తడుపుకుని ఒకదాన్ని తీసింది. దాని ఒంటిమీద జిగురే లేదు. పొలుసులు ఒరుసుకుపోయి ఎర్రగా పచ్చిపుండులా ఉంది. తోక చీలికలు పీలికలు. ఇంకోదాని వెన్ను మీద దూదిలా తెల్లటి బూజు. మూడోది ఎప్పుడో చచ్చింది.

"ఎప్పటివి ఇవి, క్లైవ్?"

"ఈ పొద్దుటివే."

"బూజు ఒక్క పూటలో పట్టదు. కంపు కొడుతున్నాయి."

క్లైవ్ మా అందరి వైపూ తిరిగి కన్నుగీటాడు. "విన్నారా? బెరిల్‌కు కంపు తెలిసిందట!"

నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, చెట్టు వేళ్ల కింద తడిమి, అక్కడ కట్టి ఉన్న తాడు పట్టుకుని లాగింది. రెండో సంచి పైకి వచ్చింది. క్లైవ్ అంతకుముందు వారమంతా పట్టి దాచినవాటిలో మిగిలిన చేపలు. కళ్లు తెల్లబడి, పొట్టలు ఉబ్బి, ఒకదాని కింద ఒకటి నలిగిపోయి ఉన్నాయి. ఆ వాసనకు ముందు వరుసలోవాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. వాళ్లతోపాటు నేనూ జరిగాను. బెరిల్ ఒక్కతే వంగి, కొనప్రాణంతో ఉన్నవాటిని ఏరి, రెండు అరచేతుల్లో నీళ్లలో నిలబెట్టి పట్టుకుంది. ఈదగలిగినవి రెండే.

క్లబ్బు గదిలో టీ తాగుతూ కమిటీ కూర్చుంది. కమిటీలో నేనూ ఉన్నాను. మేం కూర్చునే గట్టు పక్క పొలాల యజమాని క్లైవ్ బావమరిది. ఆయనకు కోపం వస్తే గట్టు మీద మాకు కాలు పెట్టే చోటుండదు. పోటీ రద్దని రాసుకుని, సంగతి బయట పెట్టకుండా వదిలేద్దామన్నారు ఎవరో. అందరం సరేనని చేతులెత్తాం. తలుపు దగ్గర నిలబడ్డ బెరిల్ ఎత్తిన చేతుల్ని ఒక్కొక్కటే చూసింది.

"థూ! క్లైవ్‌కు సిగ్గు లేదు సరే, మీకేమయిందయ్యా?" అంది.

త్రాసు ఆమె సొంతం. తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు ఆగి వాళ్లింటికి వెళ్లాను. తలుపు సగమే తీసింది.

"బెరిల్, నాకు అసలు ఇష్టం లేకుండానే..."

"ఇష్టం లేని చెయ్యి అంత చక్కగా ఎలా లేచింది, నార్మన్?"

ఆమె పొయ్యి మీద సూపు మాడుతోందని చెప్పి తలుపు వేసుకుంది.

క్లైవ్ ఇంకో ఆరేళ్లు కార్యదర్శిగా ఉన్నాడు. ఆ తర్వాతి పోటీకి కూడా చీట్లు ఆయనే తీశాడు. మేం వరసగా నిలబడి తీసుకున్నాం. బెరిల్ ఆ చలికాలంలోనే సముద్రం దగ్గర ఉన్న చెల్లెలింటికి మారిపోయింది. ఆ ఇంటి అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు.