వెళ్ళే ముందు ఒక్క హారన్

ముందు ఆ శబ్దమే. పొట్టిగా, ఒక్కసారి. ఎవరినీ పిలవని హారన్.

మేడ మీద గదిలోకి అద్దెకు దిగిన మొదటి వారం, ఆ మోత రోజుకు నాలుగైదుసార్లు నా కిటికీ దాకా వచ్చి వెళ్ళేది. లేచి చూస్తే వీధిలో అడ్డం వచ్చిన మనిషి ఉండడు, కుక్క ఉండదు. ఎదురుగా రేకుల షెడ్డు, అందులోంచి బయటికి పోతున్న కారు వెనకభాగం. అంతే. ఎవరూ లేని ఇంట్లో ఎవరో దగ్గినట్టు ఉండేది.

సంగతేమిటో కింద కొట్టులో ఉండే టైలరు చెప్పాడు. ఆ షెడ్డు కార్ల ఎలక్ట్రీషియన్‌ది. ఆయన చేతిలో బాగైన ప్రతి బండీ గడప దాటే ముందు హారన్ కొట్టాల్సిందే. కొట్టకపోతే బయటికి పోనివ్వడు. "కోడి గుడ్డు పెట్టి అరిచినట్టు," అన్నాడు టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తూ. "బండి బాగైందని ఊరంతా చాటింపు." వీధిలో అందరూ ఆయన్ని హారన్ మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన తల ఊపి ఊరుకునేవాడు.

యాభై దాటిన సన్నటి మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కుడిచెవి కొద్దిగా ముందుకు వంచేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టు ల్యాంపు. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, పిడి లోపల కరెంటు తగిలితే వెలిగే చిన్న బల్బు, తోకలాగా ఓ వైరు. షెడ్డు గోడకి మేకులు కొట్టి, వైర్లను రంగుల వారీగా వేలాడదీశాడు. మధ్యాహ్నం రేకుల సందులోంచి ఎండ వచ్చి వాటి మీద పడితే, ఎవరో తల ఆరబెట్టుకుంటున్నట్టు ఉండేది. మూలన బల్లకి రెండు సొరుగులు. పైది రోజుకి వందసార్లు తెరుచుకునేది. కిందది తెరుచుకోగా నేను చూడలేదు.

నా పాత కారు లైట్ల వైరింగు ఎలకలు కొరికేశాయని ఆయన దగ్గర వదిలాను. వారం పడుతుందన్నాడు. సాయంత్రాలు వెళ్ళి, బోర్లించిన డబ్బా మీద కూర్చునేవాణ్ణి. రిలే అంటే ఏమిటో అక్కడే తెలిసింది. అగ్గిపెట్టె కంటే చిన్న నల్లటి డబ్బా, కింద నాలుగు కాళ్ళు. తాళం తిప్పితే వచ్చే కరెంటు చీమంత అన్నాడు ఆయన. ఇంజిన్‌కి కావాల్సింది ఏనుగంత. చీమ వెళ్ళి తలుపు తడితే, లోపల ఒకడు లేచి ఏనుగుకి దారి ఇస్తాడు. ఆ లేచేవాడు రిలే. వాడు లేచిన చప్పుడే టిక్.

ఆదివారం ఉదయం నేను అక్కడ ఉండగానే ఆయన మేనకోడలు వచ్చింది. ఆయన చెల్లెలి కూతురు. ఇంటింటికీ వెళ్ళి పరీక్షలకి రక్తం తీసే ఉద్యోగం. నెల కిందటే ఎవరో వాడిన కారు ఒకటి కొనుక్కుంది. వాళ్ళమ్మ వద్దని రెండు పూటలు అన్నం మానేసినా కొనుక్కుంది. ఆ బండి దారిలో రెండుసార్లు ఆగి, కాసేపటికి దానంతట అదే బతికి, షెడ్డు ముందుకొచ్చి మళ్ళీ ప్రాణం వదిలింది.

"మామయ్యా, నీ చేతిలో పెడితే వారం అంటావు. నాకు పది నిమిషాలే ఉంది."

నాలుగిళ్ళలో రాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా తన కోసం కూర్చున్నారట. మూడో ఇంట్లో తాతగారికి ఆకలేస్తే కోపమొస్తుందట, కోపమొస్తే నరం దొరకదట. అది చెబుతూనే ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ పిల్ల వస్తే తప్ప ఆయన పళ్ళు మాకు కనపడేవి కావు.

తాళం తిప్పమన్నాడు. ఇంజిన్ గిరగిరా తిరిగింది కానీ అందుకోలేదు. ఆయన వెనక సీటు వైపు చెవి పెట్టి మళ్ళీ తిప్పమన్నాడు. అక్కడ పెట్రోలు పంపు రెండు క్షణాలు జుమ్మనాలి. అనలేదు. స్టీరింగు ముందు పసుపుపచ్చ ఇంజిన్ దీపం కూడా వెలగలేదు. అంటే ఇంజిన్‌ని నడిపించే పెట్టెకే కరెంటు అందటం లేదు. బానెట్ ఎత్తి ఫ్యూజులు చూశాడు, బాగున్నాయి. ఇంజిన్ రిలే మీద వేలు ఆనించాడు, నాడి చూసే వైద్యుడిలా. తిప్పమన్నాడు.

టిక్.

టిక్‌మంది కదా, ఇక దాని తప్పేముందని ఆమె అడిగింది. ఆయన రిలేని ఊడదీశాడు. అది కూర్చునే చోట టెస్టు ల్యాంపు తాకించి చూశాడు. అక్కడి దాకా కరెంటు నిండుగా వస్తోంది. రిలేని బల్ల మీద పెట్టి, విడి బ్యాటరీ నుంచి రెండు వైర్లు తగిలించాడు. మళ్ళీ టిక్. అవతలి కాలి దగ్గర మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపించింది, ఏ లోటూ లేనట్టు. మీటరు తీసి టెస్టు ల్యాంపు పెట్టాడు. బల్బులో దారపు పోగంత ఎర్రటి వెలుగు కదిలి ఆరిపోయింది.

"మీటరు ఊరికే చూసి వస్తుందమ్మా. ల్యాంపు కరెంటు ఇమ్మని చెయ్యి చాస్తుంది. చెయ్యి చాస్తే గాని ఎవరి సంగతీ తెలీదు."

మూత ఊడదీసి చూపించాడు. లోపల రెండు చిన్న బిళ్ళలు ఒకదాన్నొకటి తాకే చోట, కొడిగట్టిన వత్తిలా నల్లగా కాలి ఉంది. మాటలు కోటలు దాటుతున్నాయి, అడుగు గడప దాటటం లేదు, అన్నాడు. కొత్తది వెయ్యాలి. విడిభాగాల కొట్టు రేపు గాని తెరవరు.

ఆమె బానెట్ కిందికి వంగి, అక్కడే ఉన్న ఇంకో రిలే మీద వేలు పెట్టింది. ఫోన్‌లో వీడియో చూసిందట. "పక్కనే హారన్‌ది ఉందిగా. రెండూ కవలపిల్లలే. అది తీసి ఇంజిన్‌కి పెట్టు. పాడైనదాన్ని హారన్‌కి పెట్టు. రేపు సాయంత్రం వస్తాను, కొత్తది వేద్దువు గాని."

ఆయన కదల్లేదు.

"హారన్ ఒక్కరోజు లేకపోతే ఏం కొంపలు మునుగుతాయి మామయ్యా? ఉండి మాత్రం మా నాన్న ఏం చేశాడు? నిద్రపోయేవాడికి హారనెందుకని అమ్మ అంటూనే ఉంటుందిగా."

తేలిగ్గానే అంది. ఇంట్లో రోజూ వినే మాట నోటికి అలవాటైపోయి, అందులో గుచ్చుకునేది ఏదీ మిగల్లేదు. ఆయన చేతిలో ల్యాంపు వైరు మెల్లగా ఊగుతూ ఉంది. అది ఆగేదాకా ఆయన దాన్నే చూశాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, కింది సొరుగు లాగాడు. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది.

పాత గుడ్డపేలికలోంచి ఒక రిలే తీసి ఆమె ముందు పెట్టాడు. దాని నెత్తి మీద మేకుతో గీసిన ఇంటూ గుర్తు. పాడైన ప్రతి రిలే మీదా ఆయన అలా గీస్తాడు, పొరపాటున మళ్ళీ ఎవరికీ వెయ్యకుండా.

పదకొండేళ్ళ కిందటి మాట అది. కళ్ళద్దాల కొట్లకి లెన్సులు చేరవేసే ఆయన బావ, ఈ పిల్ల నాన్న, ఇదే జబ్బుతో బండి తెచ్చాడు. ఆ రోజూ కొట్టు మూసి ఉంది. మర్నాడు పొద్దున్నే లెన్సులు చేరాలి. హారన్ రిలే తీసి ఇంజిన్‌కి పెట్టాడు ఈయన. ఖాళీ చోట దుమ్ము పడుతుందని, గీత గీసిన పాడుదాన్ని హారన్ స్థానంలో గుచ్చాడు. రేపు సాయంత్రం తప్పకుండా రమ్మన్నాడు. హారన్ లేకపోతే నోటితో కొట్టుకుంటాలే బావా అని ఆయన నవ్వుతూ వెళ్ళాడు. పొద్దున గోదాముల మలుపులో ఒక లారీ వెనక్కి వచ్చింది.

ఆ లారీ డ్రైవరు ఒక్కటే చెప్పాడు: కారతను హారన్ కొట్టలేదు. అతను అబద్ధం చెప్పలేదు. హారన్ కొట్టలేదంటే నిద్రపోయి ఉంటాడని మిగతా అందరూ అనుకున్నారు. ముందురోజంతా తిరిగి వచ్చాడు, కాస్త పడుకుని వెళ్ళమంటే వినలేదు, అని చెల్లెలు ఏడ్చింది. ఆ ఏడుపు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోయి కోపమైంది. నుజ్జయిన బండిని చూడటానికి ఈయన ఒక్కడే వెళ్ళాడు. ముందుభాగం మొత్తం మడతపడిపోయినా, పక్కనున్న రిలేల పెట్టెకి గీత కూడా పడలేదు. మూత తీస్తే హారన్ స్థానంలో తన ఇంటూ గుర్తు. ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"మీ నాన్న పిల్లి అడ్డొచ్చినా హారన్ కొట్టే మనిషి," అన్నాడు. "ఆ రోజూ నొక్కే ఉంటాడు. నొక్కితే ఇది టిక్‌మని ఊరుకుంది. ఇంజిన్ హోరులో ఆ టిక్ ఆయనకి వినపడి ఉండదు. నాకు వినపడుతోంది."

ఆమె ఆ ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి అడిగింది, అప్పుడే ఎందుకు చెప్పలేదని.

"మొగుడు పోయిన రోజే మీ అమ్మకి అన్న కూడా పోతాడని."

ఆమె ఫోను మోగింది. మూడో ఇంటి తాతగారు. వస్తున్నానండీ, ఏమీ తినకండి, అని మామూలు గొంతుతోనే చెప్పింది. ఆ మామూలు గొంతు వినలేక నేను వైర్ల వైపు తల తిప్పుకున్నాను.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. నా బండి ఎలాగూ ఇంకో నాలుగురోజులు కదలదు, దాని హారన్ రిలే తీసుకోవచ్చా అని అడిగాడు. నాలుగు కాళ్ళవి రెండు బండ్లకీ ఒక్కటే. తలూపాను. నా బండిలోంచి తీసి ఆమె ఇంజిన్‌కి పెట్టాడు. ఆమె హారన్‌ని ముట్టుకోలేదు. తాళం తిప్పితే వెనక పంపు జుమ్మంది, పసుపు దీపం వెలిగి, ఇంజిన్ అందుకుంది. ఆమె ఆ పాత రిలేని గుడ్డపేలికలో చుట్టి పక్కసీటులో రక్తం సీసాల పెట్టె మీద పెట్టుకుంది. ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు, ఎప్పట్లాగే. కొట్టమని మాత్రం ఈసారి అడగలేకపోయాడు.

ఆమె స్టీరింగు మధ్య అరచెయ్యి పెట్టి నొక్కింది. ఆ రోజు ఆ మోత పొట్టిగా లేదు. టైలరు కత్తెర పట్టుకునే బయటికి వచ్చి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

మూడోరోజు చెల్లెలు వచ్చింది. షెడ్డు గడప లోపలికి అడుగుపెట్టలేదు. ఆయన డబ్బా తుడిచి ముందుకు జరిపితే దాని వంక చూడలేదు. పిడికిట్లో ఆ రిలే ఉంది. ఆమె ఏదో అడుగుతుందని, తిడుతుందని ఆయన రెండు చేతులూ కిందికి దించుకుని నిలబడ్డాడు.

"పదకొండేళ్ళు ఆ మనిషిని తిట్టుకుంటూ అన్నం తిన్నాను అన్నయ్యా," అంది. "నువ్వు ఎదురుగా కూర్చుని వింటూ తిన్నావు."

అంతే. వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఈ వైపు రాలేదు. ఈయన రెండుసార్లు వెళ్తే తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, లోపలి గదిలోకి వెళ్ళి కూర్చుందట. ఇదంతా మేనకోడలే నాకు చెప్పింది, ఒకరోజు మెట్ల దగ్గర. ట్రంకుపెట్టె అడుగున ఉండే నాన్న ఫొటో మళ్ళీ గోడ మీదికి వచ్చిందని కూడా చెప్పింది. అమ్మ రోజూ దాని అద్దం తుడుస్తుందట. మామయ్య పేరెత్తితే మాత్రం చేస్తున్న పని ఆపేస్తుందట.

వారమన్న నా బండి పని నెల దాటింది. నేను ఆ ఊరు వదిలే రోజున దాని కోసం వెళ్ళాను. మధ్యాహ్నం. లైట్లన్నీ వెలిగించి చూపించాడు. హారన్ స్థానంలో కొత్త రిలే నల్లగా మెరుస్తోంది. మనిషి ఈమధ్య బాగా తగ్గిపోయాడు, చొక్కా ఇంకెవరిదో వేసుకున్నట్టుంది. కింది సొరుగు కొద్దిగా తెరిచే ఉంది, లోపల ఏమీ లేదు. ఏ దారిన వెళ్తున్నానని అడిగాడు. పెద్దరోడ్డు మీదుగా అన్నాను. ఆ రోడ్డు మొదట్లోనే, నీలం గేటున్నది, ఆయన చెల్లెలి ఇల్లు.

బానెట్ దించి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి, కుడిచెవి కొద్దిగా ముందుకు వంచాడు.

"ఇక్కడ ఒక్కసారి కొట్టండి, వింటాను. ఆ నీలం గేటు దగ్గర మాత్రం కొట్టకండి. ఈ టైముకి మా చెల్లెలు కాస్త నడుం వాలుస్తుంది. మెల్లగా వెళ్ళండి."