టేపు చుట్టి తగువు

వినుకొండలో మా జాకెట్లు కుట్టే ఆవిడ, టేపు చేతికి తీసుకుంటే చాలు, ఏదో ఒక తగువు పెట్టుకునేది. ఎందుకో నాకు లెక్చరర్ ఇంటర్వ్యూకని జాకెట్టు కుట్టించుకున్నప్పుడు గాని తెలియలేదు.

టేపు చుట్టగానే, సన్నగా కనపడాలని ఊపిరి బిగబట్టాను.

“ఆడపిల్లకి ఇంత చదువెందుకమ్మాయ్? పెళ్లయ్యాక మిరపకోతలకేగా పోయేది,” అంది.

నాకు ఒళ్లు మండింది. తనేమో ఇద్దరు కూతుళ్లని డిగ్రీ చదివిస్తూ ఆ మాటలేమిటని ఎడాపెడా దులిపేశాను.

“సరేలే, కొలతలైపోయినయ్.”

“ఎప్పుడు తీశారు పిన్నీ?”

“నువ్వు తిట్టేటప్పుడు. బిగబట్టుకుంటే కొలత తప్పొచ్చిద్ది. రేపు అక్కడ నోరిప్పాల్సింది నువ్వేగా, ఊపిరాడొద్దూ?”

ఆ జాకెట్టులో ముగ్గురు పెద్దమనుషులతో ముప్పావుగంట హాయిగా వాదించి, ఉద్యోగం తెచ్చుకున్నాను.